రొయ్యల పికప్‌కి ముదిరిన తుప్పు: రంగు డబ్బా తెరవక ముందు చేయాల్సిన పని

మా షెడ్డు పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో ఉంది. టింకరింగ్, వెల్డింగ్ పని. వచ్చే వాటిలో ఎక్కువ పికప్‌లే. రొయ్యలు, చేపలు, ఐసు, మేత బస్తాలు మోసే బళ్లు. పదేళ్లు దాటిన బండికి ఇంజను ఇంకా దిట్టంగానే ఉంటుంది, గేర్‌బాక్సు బాగానే ఉంటుంది. కింద ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రం, మాత్రం తుప్పుతో పొరలు లేచిపోయి ఉంటుంది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడితే ఓనరు అడిగేది దాదాపు ఒకటే మాట: "ఫిట్‌నెస్‌కి వెళ్లాలండి. కింద కాస్త బ్లాక్ పెయింట్ కొట్టి ఇచ్చేయండి మేస్త్రీ గారూ."

ఆ ఒక్క పనీ నేను ఒప్పుకోను. తుప్పు మీద కొట్టిన నల్లరంగు నాలుగు నెలలు దాన్ని కంటికి కనపడకుండా చేస్తుందంతే. లోపల ఇనుము తరిగిపోవడం ఆగదు. టన్నున్నర సరుకుతో చించినాడ వంతెన మీద వెళ్తుండగా వెనక కమాన్ల (బరువు మోసే పట్టీ స్ప్రింగుల) బ్రాకెట్ ఊడిందనుకోండి, ఆ క్యాబిన్లో కూర్చున్నవాళ్ల గతేంటి? అందుకే ఇది రాస్తున్నాను. బండిని ఎలా పరీక్షించుకోవాలి, ఏ పని మీరే చేసుకోవచ్చు, ఏది అనుభవం ఉన్న వెల్డరుకి వదలాలి, ఏ బండిని ఇక వదులుకోవాలి, అన్నీ చెబుతాను.

మన దగ్గర తుప్పు ఎందుకింత తొందర

వాన నీళ్లకి తడిసి ఆరిన ఇనుముకీ, ఉప్పు తగిలిన ఇనుముకీ చాలా తేడా ఉంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే, ఆ గాలిలోని నీటిని తనే లాక్కుని కరిగిపోతుంది. డెల్టాలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. అంటే మీరు బండిని షెడ్డులో పెట్టి పడుకున్నా, చుక్క వాన లేకపోయినా, ఛాసిస్ మీదున్న ఉప్పు తెల్లవార్లూ ఇనుమును తడిగానే ఉంచుతుంది. పొద్దున ఎండకి ఆరుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది.

ఆ ఉప్పు సముద్రపు గాలి నుంచి కొంత వస్తుంది. మొగల్తూరు, పేరుపాలెం వైపు బళ్లకి అది తెలుస్తూనే ఉంటుంది. కానీ ఎక్కువ భాగం వెనక సరుకు వేసే తొట్టిలోంచే వస్తుంది. చెరువు గట్టు మీద క్రేట్లు ఎక్కించేటప్పుడు కారే ఉప్పునీళ్లు, దారి పొడవునా కరిగే ఐసు నీళ్లతో కలిసి, తొట్టి అడుగు రేకుల సందుల్లోంచి ఛాసిస్ పైభాగం మీదకు దిగుతాయి. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య చెక్కో రబ్బరు పట్టీయో ఉంటుంది. అది ఆ నీళ్లని పట్టేసుకుని వారాల తరబడి వదలదు. కింద నిలబడి చూసేవాడికి ఛాసిస్ పక్కలు కనపడతాయి, పైభాగం కనపడదు. ముదిరిన తుప్పు అక్కడే ఉంటుంది.

మొదట కడగాలి, అదీ సరైన నీళ్లతో

గ్రైండరు తీసే ముందు కడగాలి. ఎందుకంటే వైరు బ్రష్షు పెట్టి తోమితే పైతుప్పు పోతుంది గానీ, గుంటల్లో ఉన్న ఉప్పు ఇంకా లోపలికి దిగుతుంది. దాని మీద ఎంత ఖరీదైన ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేసినా ఏడాది తిరక్కుండా కింద నుంచి పొక్కులు లేస్తాయి.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. సర్వీసింగ్ పాయింట్‌లో ఆ నీళ్లు ప్రెషర్‌తో కొట్టించి, బండి కడిగించామని ఊరట పడతారు. ఉన్న ఉప్పు మీద ఇంకొంచెం ఉప్పు చేరుతుంది, అదీ ప్రెషర్‌తో మూలమూలకీ. మీ నీళ్ల మీద అనుమానం ఉంటే పెద్ద కష్టమేం లేదు. రొయ్యల రైతులు చెరువు నీళ్లు టెస్ట్ చేయించుకునే ల్యాబ్ ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంది. ఒక సీసాలో మీ బోరు నీళ్లు పట్టుకెళ్లి సెలైనిటీ చూడమనండి. ఉప్పుందని తేలితే కాలువ నీళ్లో, పంచాయతీ కుళాయి నీళ్లో వాడండి. కాలువలో పారేది ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి తియ్యనీళ్లే. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ముందే డ్రమ్ముల్లో పట్టి పెట్టుకోవాలి. కడగడం మాత్రం కాలువలోకి బండి దింపి కాదు. ఆయిల్, గ్రీజు నీళ్లలో కలుస్తాయి, ఆ నీళ్లు కింద ఊళ్లో తాగుతారు.

ఛాసిస్‌లో కనపడే ప్రతి రంధ్రంలోకీ గొట్టం పెట్టి, రెండో చివర నుంచి తేట నీళ్లు వచ్చే వరకు కొట్టండి. మొదట వచ్చే ఎర్ర బురద చూస్తే లోపల ఎంత ఉందో మీకే అర్థమవుతుంది. తర్వాత ఎండలో, వీలైతే ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, పూర్తిగా ఆరనివ్వండి. ముదిరిన బండికి ఒక్కసారి చాలదు. తోమడం, కడగడం, ఆరబెట్టడం రెండు మూడు విడతలు చేస్తేనే ఉప్పు వదులుతుంది.

సుత్తి, స్క్రూడ్రైవర్, సుద్దముక్క

పరీక్షకి ఖరీదైన సామాను అక్కర్లేదు. చిన్న సుత్తి, మొద్దుబారిన పాత స్క్రూడ్రైవర్, సుద్దముక్క, టార్చి, చిన్న అద్దం చాలు. బండిని జాకీ ఒక్కదాని మీదే నిలిపి కిందకి దూరకండి. తుప్పు పట్టిన బండిలో జాకీ ఆనిన చోటే కుంగిపోవచ్చు. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు చెక్కలు వేసి, అప్పుడు దూరండి.

ఛాసిస్‌ని ముందు నుంచి వెనక్కి జానెడు జానెడు దూరంలో సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, సుత్తి వెనక్కి ఎగురుతుంది. తరిగిపోయిన చోట డబ్ మని మొద్దు చప్పుడొస్తుంది, సుత్తి అక్కడే ఆగిపోతుంది, కింద మీ మొహం మీద పొట్టు రాలుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. మొద్దు చప్పుడొచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా పొడవండి. భయపడకండి, మంచి ఇనుము అయితే గీత పడుతుందంతే. దిగబడితే అది ముందే పోయింది, మీరు చెడగొట్టింది కాదు.

మొన్న ఒక బండి వెనక కమాన్ల ముందు బ్రాకెట్ దగ్గర పొరలు ఊడదీశాను. ఆత్రేయపురం పూతరేకుల్లా ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి, ఎర్రవి, నల్లవి, మధ్యలో తెల్లటి ఉప్పు గీతలు. అరచేతి నిండా పొట్టు వచ్చాక కనపడిన అసలు ఇనుము కాగితమంత పలచన. పైకి చూస్తే ఆ బ్రాకెట్ కొత్తదాని కంటే మందంగా ఉంది. ఓనరు గారు "ఇంత లావుగా ఉంటే పోయిందంటారేంటండీ" అన్నారు. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. రెండు ప్లేట్లు కలిసిన చోట అది మధ్యలో ఉబ్బి, రివిట్లని కూడా తెంపేంత బలంగా ప్లేట్లని విడదీస్తుంది. కాబట్టి లావుగా, ఉబ్బినట్టు కనపడితే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

తప్పకుండా చూడాల్సిన చోట్లు: వెనక కమాన్ల బ్రాకెట్లు, కమాను చివరని ఛాసిస్‌కి వేలాడదీసే షాకిళ్లు, వెనక ఇరుసు మీదుగా ఛాసిస్ వంపు తిరిగిన చోటు, క్రాస్ మెంబర్లు (అడ్డ కమ్మీలు) ఛాసిస్‌కి కలిసే మూలలు, క్యాబిన్ రబ్బరు మౌంట్లు కూర్చునే బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, డీజిల్ ట్యాంకు పట్టీలు, బ్యాటరీ ట్రే కింద. క్యాబిన్‌లో మ్యాట్ పూర్తిగా ఎత్తి చూడాలి, సీటు బెల్టు బోల్టులు పట్టిన రేకుతో సహా. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న కన్నాలు ఉంటాయి. మట్టితో మూసుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలబడి కింద అంచు తినేస్తాయి.

బ్రేకు పైపులు వేళ్లతో తడిమి చూడండి. గరుకుగా గుంటలు తగిలితే ముక్క మార్చడం కాదు, ఆ లైను మొత్తం కొత్తది వేయించండి. దీంట్లో బేరం వద్దు.

చూసిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టుకోండి. పైపై తుప్పుకి సున్నా, గుంటలు పడినదానికి గీత, దిగబడినదానికి ఇంటూ. అంతా అయ్యాక వెనక్కి జరిగి ఫోటోలు తీసుకోండి. ఆ ఫోటోలతోనే వెల్డరుతో మాట్లాడాలి, ఖర్చు తేల్చుకోవాలి.

ఉంచాలా, వదిలేయాలా

ఇది ముందే తేల్చుకోవాలి, సగం డబ్బు పెట్టాక కాదు. రేకు పని ఎంత పోయినా కొత్త రేకు వేయొచ్చు. తలుపులు, తొట్టి అడుగు, క్యాబిన్ ఫ్లోరు ఏదీ పెద్ద సమస్య కాదు. ఛాసిస్ సంగతి వేరు. ఒకటి రెండు చోట్ల, అదీ బ్రాకెట్లకి దూరంగా పోయి ఉంటే ప్లేటు వేసి నిలబెట్టొచ్చు. రెండు వైపులా కమాన్ల బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు దగ్గర కూడా స్క్రూడ్రైవర్ దిగబడుతుంటే నా మాట ఒకటే: ఆ బండి మీద సరుకు వేయకండి. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు బాగుంటే వాటికి ధర వస్తుంది, చట్ట ప్రకారం స్క్రాప్ చేయించి ఆర్సీ రద్దు చేయించుకోండి. ఇలా చెబితే బాధపడతారు, నాకు తెలుసు. ఆ బండి మీదే ఇల్లు కట్టినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఉన్నారు. అయినా చెప్పక తప్పదు.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. సరుకు బండికి ఎనిమిదేళ్ల తర్వాత ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. అంటే ఇప్పుడు పెట్టే ఖర్చు ఒక్క ఇన్‌స్పెక్షన్ దాటించడానికి కాదు, వరసగా కొన్నేళ్లు దాటించడానికి పనికిరావాలి.

ఫిట్‌నెస్ మాట వచ్చింది కాబట్టి ఇది గుర్తుంచుకోండి: ఛాసిస్ మీద చెక్కి ఉన్న నంబరు దగ్గర గ్రైండరు, వెల్డింగు ఏదీ తగలకూడదు. ముందే అది ఎక్కడుందో వెతికి, ఆర్సీలో నంబరుతో సరిచూసి, మెత్తటి బ్రష్షుతో చేత్తో శుభ్రం చేసి, పని అయ్యేదాకా టేపు అంటించండి. తర్వాత దాని మీద దళసరి రంగు వద్దు, పలచగా గ్రీజు రాస్తే చాలు. అక్షరాలు చెరిగిపోతే మీరు దొంగబండి కాదని నిరూపించుకుంటూ తిరగాల్సి వస్తుంది.

బిగుసుకుపోయిన బోల్టులు

తొట్టి దించకుండా ఛాసిస్ పైభాగం బాగుచేయడం కుదరదు. దించాలంటే బోల్టులు రావాలి. ముందురోజు సాయంత్రమే వైరు బ్రష్షుతో మరలు తోమి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రంతా నాననివ్వండి. పొద్దున స్పానర్ వేసి మొదట కొంచెం బిగించే వైపు కదపండి, తర్వాత వదులు చేసే వైపు. కదిలితే అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి, ఒకే ఊపున లాగితే తల తెగుతుంది. గ్యాస్ మంటతో వేడి చేస్తే చాలావరకు వస్తాయి గానీ, బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైరింగ్, రబ్బరు బుష్షుల దగ్గర మంట వద్దు. రానిదాన్ని కోసేయండి. తొట్టి బోల్టు ఖరీదు ఎంత?

కొత్తవి వేసేటప్పుడు తల మీద గ్రేడు నంబరు, అంటే బోల్టు బలం చెప్పే అంకె, చూడండి. 8.8 ఉన్న చోట 8.8, 10.9 ఉన్న చోట 10.9. కమాన్ల యూ బోల్టులు ఒకసారి విప్పితే మళ్లీ పాతవి వాడకండి.

కొక్కేలు, తలుపు బందులు, తొట్టి గొళ్లేల లాంటి చిన్న సామానుకి నాకు నచ్చిన పద్ధతి మడ్డి. అదే, చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి, మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో నానేయండి. వారం, పది రోజుల్లో తుప్పు వదిలి బూడిద రంగు ఇనుము బయటపడుతుంది. మంచి ఇనుముని తినదు, చేతులు కాలవు. వాసన భరించాలి, ఇంటికి దూరంగా పెట్టుకోండి. అల్యూమినియం సామాను మాత్రం అందులో వేయకండి, దాన్ని తినేస్తుంది. కమాన్లు, స్ప్రింగులు, గట్టి గ్రేడు బోల్టులు ఎట్టి పరిస్థితిలోనూ యాసిడ్‌లో ముంచొద్దు. యాసిడ్ వల్ల గట్టి ఉక్కు పెళుసెక్కి, బరువు పడ్డప్పుడు చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

కోయడం, అతకడం

కన్నం ఉన్నంతవరకే కోసి ముక్క వేస్తే ఆరు నెలల్లో ఆ ముక్క చుట్టూ కొత్త కన్నాలు పడతాయి. సుత్తి ఖంగుమనే దాకా, మెరిసే రేకు వచ్చే దాకా కోయాలి. కంటికి చిన్నదిగా కనపడిన కన్నం మూడింతలయ్యేసరికి ఓనరుకి టెన్షన్ మొదలవుతుంది. పక్కన నిలబెట్టి చూపిస్తూ కోస్తే అర్థం చేసుకుంటారు.

క్యాబిన్ ఫ్లోరుకి, తలుపులకి 20 గేజి లేదా 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు సరిపోతుంది. జీఐ రేకు (జింకు పూత ఉన్నది) తుప్పు పట్టదని తెస్తారు గానీ, వెల్డింగ్‌లో దాని మీదున్న జింకు కాలి పొగ వస్తుంది, ఆ పొగ పీల్చిన వెల్డరుకి రాత్రికి జ్వరం, వణుకు వస్తాయి. పలచ రేకుకి సీఓటూ వెల్డింగ్ (ఆ గ్యాస్ వదులుతూ సన్న తీగతో అతికేది) మంచిది, మామూలు రాడ్డు వెల్డింగ్ రేకుని కాల్చి కన్నం చేస్తుంది. వరసగా లాగకుండా అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలా ట్యాక్ వేసుకుంటూ, చల్లారనిస్తూ పోవాలి, లేకపోతే రేకు వంకర్లు పోతుంది. కన్నాల మీద ఫైబర్ గుడ్డ పెట్టి లప్పం పట్టించడం వద్దు. లప్పం తేమ పీలుస్తుంది. అది బాగుచేసిన రేకు మీద పైపై నునుపు కోసం వాడేది.

ఛాసిస్ ప్లేటు పని మాత్రం లారీ ఛాసిస్‌లు చేసిన చెయ్యికే ఇవ్వండి. మీరు పక్కనుండి ఈ నాలుగూ చూసుకోండి. ప్లేటు మందం అసలు ఛాసిస్ మందంతో సమానంగా ఉండాలి. మంచి చోట వెర్నియర్ పెట్టి కొలవమనండి. ప్లేటు చివరలు నిలువుగా కోసినట్టు కాకుండా ఏటవాలుగా ఉండాలి. ఛాసిస్‌కి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగ్ పడితే సరిగ్గా ఆ గీత దగ్గరే తర్వాత పగులుతుంది. ఛాసిస్ పై అంచు, కింది అంచు మీద అడ్డంగా వెల్డింగ్ లాగకూడదు, బరువంతా మోసేవి అవే. పగులు ఉంటే దాని కొసలో చిన్న కన్నం వేసి, తర్వాతే అతకాలి.

ఏ వెల్డింగ్‌కైనా ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న బండి అయితే మరీను. డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అని దాన్నే వెల్డింగ్ చేయించకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకులో ఆవిరి ఎక్కువ ప్రమాదం. ట్యాంకు కారుతుంటే కొత్తది వేయించుకోండి.

తుప్పు మందు, ప్రైమరు, రంగు

బజారులో దొరికే రస్ట్ కన్వర్టర్లలో ఎక్కువ భాగం ఫాస్ఫారిక్ యాసిడ్‌వి. పలచగా, గట్టిగా అంటుకున్న తుప్పు మీద బాగా పనిచేస్తాయి. దాన్ని నల్లటి ఫాస్ఫేట్ పొరగా మారుస్తాయి. పొట్టు లేచే తుప్పు మీద పోస్తే పైపొర నల్లబడుతుంది, కింద పని సాగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు గ్రైండర్‌కి వైరు కప్పు వేసి పొట్టంతా రాల్చి, గుంటల్లో మిగిలినదానికే మందు రాయండి. కళ్లద్దాలు, గ్లౌజులు, మాస్కు లేకుండా గ్రైండరు పట్టకండి. వైరు కప్పు తీగలు ఊడి ఒంట్లో గుచ్చుకుంటాయి. ఇసుక బ్లాస్టింగ్ చేస్తామనే వాళ్లుంటే మామూలు ఇసుకతో ఒప్పుకోకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది.

మా పనిలో అందరికీ అలవాటైన ప్రైమరు రెడ్ ఆక్సైడ్. కిటికీ ఊచలకి సరిపోతుంది, ఉప్పునీళ్ల కింద ఉండే ఛాసిస్‌కి చాలదు. తేమని లోపలికి రానిస్తుంది. ఛాసిస్‌కి రెండు డబ్బాలుగా వచ్చే, కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపాలి, చేతి అంచనా కుదరదు. కలిపాక గట్టిపడేలోపు వాడేయాలి కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. తుప్పు మందు వాడిన చోట డబ్బా మీద చెప్పినట్టు మిగిలిన యాసిడ్ కడిగి, పూర్తిగా ఆరాకే ఎపాక్సీ వేయాలి, లేదంటే పట్టదు.

టైము చాలా ముఖ్యం. మన గాలిలో పొద్దున గ్రైండ్ చేసిన ఇనుము సాయంత్రానికి ఎర్రటి ఛాయ తిరుగుతుంది. ఎంత భాగం ప్రైమరు వేయగలరో అంతే గ్రైండ్ చేయండి, ఆ రోజుకి ఆ రోజే ముగించండి. మంచు పూర్తిగా ఆరాక పొద్దున తొమ్మిది, పది మధ్య మొదలుపెట్టి మూడు, నాలుగింటికల్లా ఆపేయాలి. చీకటిపడే వేళ ఇనుము చల్లబడి కంటికి కనపడని చెమ్మ పడుతుంది, దాని మీద వేసిన పూత అట్టలా ఊడుతుంది. సంక్రాంతి పోయాక, తొలకరి లోపు ఈ పని పెట్టుకోండి. ముసురు రోజుల్లో ఎవరైనా చేసిస్తామంటే ఆగమనండి.

వేసేటప్పుడు మొదట చిన్న బ్రష్షుతో అంచులు, వెల్డింగ్ గీతలు, బోల్టు తలలు, మూలలు పూయండి. అంచుల మీద రంగు పలచబడుతుంది, తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. అవి ఆరాక మొత్తం రెండు పూతలు, దాని మీద ఛాసిస్ బ్లాక్. డాంబర్ లాంటి అండర్‌బాడీ కోటింగ్ వేయించాలనుకుంటే ఈ ప్రైమరు మీదే వేయించాలి. తుప్పు మీద వేస్తే కోటింగ్ కిందకి నీళ్లు దూరి ఎండకి కూడా ఆరవు. నీళ్లు పోయే కన్నాలు దేనితోనూ మూసుకుపోకుండా అగ్గిపుల్ల పెట్టి చూసుకోండి.

ఛాసిస్ లోపలి వైపు, తలుపుల లోపల, క్యాబిన్ కింది పెట్టెల్లో రంగు చేరదు. అక్కడికి పొడుగు పైపు ఉన్న క్యావిటీ వ్యాక్స్ (మైనం లాంటి పూత) స్ప్రే కొట్టాలి. వెల్డింగ్ పూర్తిగా అయ్యాకే సుమా, ముందు కొడితే వెల్డింగ్ వేడికి మంట అంటుకుంటుంది. దీని బదులు కాలిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆయిల్ రబ్బరు బుష్షుల్ని ఉబ్బించి పాడుచేస్తుంది, దుమ్ము పట్టించుకుంటుంది, తర్వాత ఎప్పుడు రంగు వేసినా పట్టనివ్వదు. చెరువు గట్టు మీద బొట్టు బొట్టుగా కారే ఆయిల్ ఎటు పోతుందో రైతులకి నేను చెప్పక్కర్లేదు.

మళ్లీ తొట్టి ఎక్కించేటప్పుడు

పాత చెక్క పట్టీలు తిరిగి పెట్టకండి. గట్టి రబ్బరు ముక్కలు దూరదూరంగా పెడితే మధ్యలోంచి గాలి ఆడుతుంది, నీళ్లు జారిపోతాయి. తొట్టి అడుగు రేకుల సందులన్నీ పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్‌తో మూయించండి. స్టెయిన్‌లెస్ షీటు పరిస్తే తుప్పే ఉండదనుకుంటారు. దాని కిందకి ఉప్పునీళ్లు దూరితే, స్టెయిన్‌లెస్‌ని ఆనుకున్న మామూలు ఇనుము ఇంకా తొందరగా పోతుంది. పరిచేటట్టయితే అంచులన్నీ పూర్తిగా సీలు చేసి, మధ్యలో రబ్బరు షీటు వేసి పరచండి.

తొట్టిని ఒక మూలకి వేలెడు వాలు ఉండేలా కూర్చోబెట్టి, ఆ మూలలో పైపు బిగించండి. అంగుళంన్నర పీవీసీ పైపు చాలు. ఛాసిస్, ఇరుసు, బ్రేకు పైపులు, కమాన్లు దేని మీదా పడకుండా వెనక చక్రాల అవతలికి తెచ్చి, కొసకి మూతో వాల్వో పెట్టండి. దారి పొడవునా రోడ్డు మీద ఉప్పునీళ్లు వదిలితే వెనకొచ్చే బైకులు జారిపడతాయి. సరుకు దించిన చోట కాలువలోకో, చేలోకో కాకుండా డ్రెయిన్ ఉన్న దగ్గర వాల్వు తిప్పి ఖాళీ చేయండి. క్రేట్ల కింద ప్లాస్టిక్ ప్యాలెట్లు వేస్తే అడుగున నీళ్లు పారడానికి దారి ఉంటుంది.

రొయ్యల లోడు దించిన ప్రతిసారీ అదే రోజు తియ్యనీళ్లతో తొట్టి, ఛాసిస్ పైభాగం తడిపి కడిగించండి, ప్రెషర్ లేకపోయినా ఫరవాలేదు. తలుపుల అడుగు కన్నాలు నెలకోసారి పుల్లతో పొడవండి. వానాకాలం ముందు ఒకసారి, కార్తీకంలో తుఫాన్లు వెళ్లాక ఒకసారి అదే సుత్తి పట్టుకుని కిందకి దూరి తట్టి చూడండి. పూత గీరుకుపోయిన చోటు కనపడితే ఆ వారంలోనే గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరాక ఎపాక్సీ పూసేయండి. పాత ఫోటోలు ఫోన్లో ఉంచుకుంటే, ఎక్కడ ఆగింది, ఎక్కడ మళ్లీ మొదలైంది పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.